మూరమ్మ ఫోకస్

మూరమ్మ అసలు పేరు మూరమ్మ కాదు. అసలు పేరు పెట్టి పిలిచేది వాళ్ళమ్మ ఒక్కతే, అదీ ఒళ్ళు మండినప్పుడు. సినిమా సెట్టులో అంటుకున్న పేరు చొక్కా మీద పడ్డ నూనె మరక లాంటిది, రుద్దిన కొద్దీ పరుచుకుంటుంది. ఆమె మొదట్లో కొన్నాళ్ళు రుద్ది చూసి, ఇక లాభం లేదని పలకడం నేర్చుకుంది. ఇప్పుడు ఆ పేరే కొన్ని సినిమాల చివర, జనం లేచి తలుపుల వైపు తోసుకుపోయే సమయంలో, తెర మీద పైకి పోతుంటుంది.

అంతకు ముందు ఆమె టైలరు. వాళ్ళక్కకి వీధి మొగలో ఒకే గది ఉన్న కొట్టు ఉంది. అందులో రెండు కుట్టు మిషన్లు, ఒక బల్ల, కత్తెర కోసం నిత్యం జరిగే ఒక వెతుకులాట. అక్క కత్తిరిస్తుంది, చెల్లెలు కుడుతుంది. బావ గుమ్మంలో స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళకి "రేపు రండి" అని చెబుతాడు. ఈ మూడో పని తేలికని ఎవరైనా అనుకుంటే వాళ్ళెప్పుడూ టైలరు కొట్టు నడపలేదన్నమాట. చెల్లెలికి ముప్పై దాటాయి. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే "కొలతలు కుదరలేదు" అనేది. వాళ్ళు నవ్వేలోపు మిషను తొక్కేది. ఆ చప్పుడులో మాట అక్కడితో ఆగిపోయేది.

ఒకరోజు పక్క వీధిలో షూటింగు. సీనులో పోస్టుమేన్ల గుంపు కావాలి. యూనిఫారాలు అద్దెకు తెచ్చారు. అవి ఎక్కడి పోస్టుమేన్ల కోసం కుట్టినవో గానీ అక్కడున్న ఒక్కడికీ పట్టలేదు. కొందరు అందులో ఈదుతున్నారు, కొందరు ఊపిరి బిగబట్టారు. దగ్గరలో టైలరు ఎవరని వెతుక్కుంటూ వచ్చి ఈమెను పట్టుకుపోయారు. పూటలో తేలిపోయే పనికని వెళ్ళిన మనిషి ఇంతవరకు పూర్తిగా తిరిగి రాలేదని వాళ్ళక్క ఇప్పటికీ అంటుంది.

ఆమె మనుషుల్ని వరసగా నిలబెట్టి, టేపు తీయకుండానే భుజాలు చూసి, గుండుసూదులు పెట్టుకుంటూ పోతోంది. కాస్త దూరంలో కుర్చీలో ఒకాయన తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తున్నాడు. ఆయన కెమెరామన్. ఎండ కోసమైతే మబ్బు తొలగేదాకా, నీడ కోసమైతే మబ్బు కమ్మేదాకా అలాగే చూస్తాడు కాబట్టి అందరూ ఆయన్ని మబ్బు మాస్టారు అంటారు. ఆ రోజు ఆయన ఫోకస్ అసిస్టెంటు హీరో అవుదామని చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. మాస్టారికి మబ్బూ తొలగలేదు, మనిషీ లేడు. ఊసుపోక ఈమె వైపు తిరిగి, ఇక్కణ్ణుంచి ఆ తలుపు ఎంత దూరం ఉంటుందని అడిగాడు.

"ఏడు మూరలు" అంది ఆమె, గుండుసూది పంటి కిందనుంచి తీయకుండానే.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. టేపు తెప్పించి కొలిపించాడు. తేడా నాలుగు వేళ్ళు. తర్వాత కిటికీ, కరెంటు స్తంభం, అటుగా పోతున్న కుక్క, అన్నీ అడిగాడు. కుక్క విషయంలో మాత్రం అది నిలబడితే చెబుతానంది. ఆ సాయంత్రానికి ఆమె పేరు మూరమ్మ అయింది, మరుసటి రోజునుంచి ఆమె కెమెరా పక్కన నిలబడింది.

కెమెరాకి మనిషి కన్నుకున్న తెలివి లేదు. ఎంత దూరంలో ఉన్నది చూడాలో దానికి ఒకరు చెప్పాలి. చెప్పడమంటే లెన్సు మీదున్న రింగు తిప్పడం. నటుడు ముందుకొస్తే ఇటు, వెనక్కి పోతే అటు. సరిగ్గా తిప్పితే బొమ్మ షార్ప్, తప్పితే సాఫ్ట్. మెత్తదనానికి లోకంలో ఎక్కడైనా మంచి పేరే గానీ, కెమెరా పక్కన మాత్రం అది తిట్టు. పైగా ఈ పనిలో ఇంకో అన్యాయం ఉంది. షార్ప్‌గా ఉన్నన్నాళ్ళు అలాంటి పని ఒకటి ఉందనే ఎవరికీ తెలియదు. ఒక్కసారి సాఫ్ట్ అయిందా, ఊరంతా వేలు చూపిస్తుంది.

మాస్టారు పాఠం చెప్పే రకం కాదు. మొదట లెన్సు పెట్టెలు మోయించాడు, బ్యాటరీలు చార్జింగు పెట్టించాడు, దుమ్ము తుడిపించాడు. ఇదేం చదువని ఆమె అడగలేదు. కొట్టులో కూడా మొదటి ఏడాది గుండీలు కుట్టడంతోనే సరిపోయింది కదా. తర్వాత నటులు నడిచిన దారిలో ఆమెనూ నడిపించాడు. ఏ గదిలోకి వెళ్ళినా ముందు వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పమనేవాడు. మానిటర్ చూడనిచ్చేవాడు కాదు. బొమ్మ చూసి తిప్పడమంటే బస్సు వెళ్ళాక చెయ్యెత్తడం లాంటిదని ఆయన వాదన. మనిషిని చూడు, పాదాలు చూడు, అడుగు పడకముందే చెయ్యి తిరగాలి. ఇదీ చదువు మొత్తం.

మొదటిసారి రింగు ఆమె చేతికిచ్చిన రోజు తీసిన షాట్లన్నీ మర్నాడు పెద్ద తెర మీద వేసి చూశారు. మొహాలన్నీ మసక. చొక్కాల భుజాల కుట్లు మాత్రం దారం దారం లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. ఆమె టేపు పట్టుకుని ప్రతి మనిషికీ భుజం దగ్గరికి కొలిచింది. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే అక్కడికే పోయింది. 

"భుజాలు అద్భుతంగా ఉన్నాయి" అన్నాడు మాస్టారు.

అంతకు మించి ఏమీ అనలేదు. తిట్టి ఉంటే ఆమె ఆ రాత్రి అన్నం తినేది. అయితే వెళ్ళే ముందు ఒక్క నియమం మాత్రం చెప్పాడు. తప్పులు అందరికీ వస్తాయి, వస్తే ఆయన అడిగేదాకా ఆగకూడదు.

"సాఫ్ట్ అయితే నీ నోటితో నువ్వే ముందు చెప్పు. దాచావో, ఇక నా కెమెరా దగ్గరికి రావద్దు."

ఆమె దాచలేదు. ఆ పైన ఎన్నిసార్లు తప్పినా "సాఫ్ట్ మాస్టారూ, నాదే" అని వెంటనే చెయ్యెత్తేది. చెప్పీ చెప్పీ తప్పులు తగ్గాయి. ఇంట్లో గోడకీ కుర్చీకీ, పొయ్యికీ వాళ్ళమ్మకీ మధ్య దూరం గొణుక్కుంటూ తిరిగేది. కూతురికి గాలి సోకిందేమోనని వాళ్ళమ్మ కొన్నాళ్ళు దిగులుపడింది. కొట్టులో వెలుతురు వెనకనుంచి వస్తోందని, తనే అక్క మిషనుని లాగి కిటికీ పక్కకి జరిపింది. అక్క ఆ రోజంతా తిట్టింది. సాయంత్రానికి సూదిలో దారం ఒకేసారి ఎక్కడం చూసి తిట్టడం మానేసింది గానీ, బాగుందని మాత్రం అనలేదు. ఆ ఇంట్లో మెచ్చుకోలు ఎవరి నోటా అంత తేలిగ్గా రాదు.

మాస్టారి దగ్గర పని నేర్చుకునేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. చివరికి ఒక సినిమా మొత్తం ఫోకస్ వాళ్ళకే వదిలేస్తాడు. సినిమా అయ్యాక ఏమీ చెప్పడు. తర్వాతి సినిమాకి ఫోన్ చేస్తే నిలిచినట్టు, చెయ్యకపోతే లేనట్టు. మూరమ్మకి ఆ సినిమా వచ్చిందని తెలిసిన రోజు అక్క కత్తెర బల్ల మీద పెట్టి, ఉన్న మాట చెప్పింది. నీ మిషను ఖాళీగా పెట్టుకుని, కత్తిరించడం కుట్టడం రెండూ నేనే చేసి అలిసిపోతున్నాను, ఈ సినిమా అయ్యేదాకా చూస్తాను, ఆ తర్వాత కూడా నీ మాస్టారు పిలవకపోతే మాత్రం నువ్వు వచ్చి కూర్చోవాల్సిందే, రెండు పడవల మీద కాళ్ళు వద్దు అంది. న్యాయంగానే ఉంది. మూరమ్మ ఒప్పుకుంది.  మిషను మీద ఆమెకి కోపమేమీ లేదు. కెమెరా పక్కన నిలబడ్డ మొదటి రోజునుంచీ ఆమెకి ఇంకెక్కడా నిలబడబుద్ధి కాలేదు, అంతే.

ఆ సినిమాలో ముఖ్యమైన వేషం ఒక పెద్ద నటిది. సెట్టు మొత్తం ఆవిడని అమ్మగారు అనేది. నటులు ఆగాల్సిన చోట నేల మీద రంగు టేపు ముక్క అంటిస్తారు, దాన్ని మార్కు అంటారు. కుర్ర హీరోలు మార్కు కోసం కింద చూస్తారు, చూసీ దాటిపోతారు. అమ్మగారు కింద చూడరు. ఏడుస్తూ వచ్చినా, పరుగెత్తుకొచ్చినా, బొటనవేలు టేపు అంచుకి తాకి ఆగుతుంది. స్పృహ తప్పి పడిపోయే సీనులో కూడా ఆవిడ పడాల్సిన చోటే పడ్డారని చెప్పుకుంటారు. అమ్మగారితో పనంటే ఫోకస్ వాళ్ళకి సెలవు దొరికినట్టే అని మూరమ్మకి అందరూ చెప్పారు. నిజంగానే సెలవులాగే గడిచింది, ఆ వంటగది సీను దాకా.

సీనులో కథ చిన్నది. భర్త పోయి కొద్ది రోజులైన ఒకావిడ పొద్దున్నే వంటగదిలో పని చేసుకుంటూ, అలవాటు కొద్దీ బల్ల మీద రెండు కంచాలు పెడుతుంది. పెట్టాక చూసుకుంటుంది. ఒక కంచం వెనక్కి తీస్తుంది. మాట ఒక్కటీ లేదు. వెలుతురు కిటికీలోంచి వచ్చేదే చాలన్నాడు మాస్టారు. అంత తక్కువ వెలుతురులో లెన్సు బాగా తెరవాలి, తెరిస్తే షార్ప్‌గా ఉండే మందం రెండు వేళ్ళే. కళ్ళు అందులో ఉంటే చెవులు ఉండవు. అమ్మగారి మార్కు బల్ల అంచు దగ్గర. మూరమ్మ కొలిచి, రెండోసారి కొలిచి, రింగు మీద చెయ్యి వేసి నిలబడింది.

అమ్మగారు వచ్చింది. కంచం పెట్టింది. రెండో కంచం పెట్టింది. బొటనవేలు మార్కుకి తాకింది. ఇక చూసుకోవాలి, తీయాలి. ఆవిడ తీయలేదు. ఆ కంచం అంచు మీద వేలు పెట్టి, అక్కడ ఏదో మెతుకు అంటినట్టు మెల్లగా తుడిచింది. తుడుస్తూ తల ఎత్తి, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు ముందుకు వంగింది. అంత దుఃఖం ఆ మొహం మీద ఎవరూ రాసిపెట్టలేదు. డైరెక్టర్ కుర్రవాడు "కట్" అనడం మరిచిపోయాడు. ఎప్పటికో అన్నాడు. అప్పుడు గది మొత్తం చప్పట్లు కొట్టింది. లైటు వేసే పెద్దమనిషి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

మూరమ్మ చెయ్యి మాత్రం రింగు మీద ఉన్నది ఉన్నట్టే ఉంది. తిప్పలేదు. అది ఆమెకి చప్పట్ల మధ్యలో తెలిసింది. ఆ కళ్ళు మసకబారి ఉంటాయి, వంగకముందు ఆవిడ ఉన్న దూరంలోనే పక్కనున్న స్టవ్వు ఒక్కటే షార్ప్‌గా ఉంటుంది. ఇంత గొప్ప షాట్‌ని తాను పాడుచేసింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, మానిటర్ అరచేతంత ఉంది, అంత చిన్న బొమ్మలో అందరూ షార్పే. కానీ నియమం నియమం. ఆమె చెయ్యెత్తింది.

"సాఫ్ట్ మాస్టారూ. నాదే."

చప్పట్లు ఆగిపోయాయి. డైరెక్టర్ మొహం పాలిపోయింది. ఇంకోసారి చెయ్యమని అమ్మగారిని ఎవరు అడుగుతారు? ఆవిడ అప్పటికే తన కుర్చీలో కూర్చుని తువ్వాలుతో మొహం కప్పుకుంది. అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన కెమెరా ఐపీస్ దగ్గరినుంచి కన్ను తీశాడు. ఎవరి వైపూ చూడలేదు.

"లేదు. షార్ప్. ముందుకెళ్దాం" అన్నాడు.

అంతే. అందరూ ఊపిరి పీల్చుకుని తర్వాతి షాట్‌కి సామాను సర్దుకోసాగారు. మూరమ్మకి తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పమని నేర్పిన మనిషే పదిమందిలో ఆమె నిజాన్ని అబద్ధం చేశాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాస్టారు ఎన్నడూ లేనిది ఆమె పక్కన కూర్చుని, మీ ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆయన ఇంట్లోవాళ్ళ యోగక్షేమాలు అడిగాడంటే ఇక ఇంటికి పొమ్మన్నట్టేనని యూనిట్ అంతా నమ్ముతుంది. బాగున్నారని చెప్పి ఆమె చెయ్యి కడుక్కుంది.

సినిమా పూర్తయింది. ఫోన్ రాలేదు. మూరమ్మ మాట ప్రకారం వెళ్ళి మిషను ముందు కూర్చుంది. అక్క ఏమీ అనలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. అనాల్సింది బావ అన్నాడు, సినిమా వాళ్ళ మాట నీటి మూట అని. మూరమ్మ కాలర్లు కుట్టింది. ఫోన్‌ని మిషను పక్కనే పెట్టుకుని, మోగినప్పుడల్లా సూది కింద వేలు పెట్టబోయింది. నేను తప్పు చేసినందుకు పిలవలేదా, తప్పు చెప్పినందుకు పిలవలేదా అన్నది ఆమెకి తేలలేదు. మొదటిదైతే సర్దుకుపోవచ్చు. రెండోదైతే ఏం చెయ్యాలో తెలియలేదు.

ఇంతలో సినిమా విడుదలైంది. రొట్టె విరిగి నేతిలో పడడం అంటే ఏమిటో అప్పుడు చూడాలి. సినిమా చూసినవాళ్ళందరూ ఆ వంటగది సీను గురించే మాట్లాడారు. అందులోనూ ఆ మసక గురించే. కన్నీళ్ళలోంచి లోకం ఎలా కనబడుతుందో కెమెరా చూపించిందని ఒకరు రాశారు. మనిషి మసకబారి, స్టవ్వు మాత్రం మిగలడంలో జీవితం మొత్తం ఉందని ఇంకొకరు రాశారు. ఆ స్టవ్వు పాపం అద్దెది. డైరెక్టర్ అది ముందే అనుకున్నామని నాలుగు చోట్ల చెప్పాడు, అయిదోచోటికి తనే నమ్మాడు. మూరమ్మ వాళ్ళమ్మ సినిమా చూసొచ్చి, కూతురు తెర మీద ఎక్కడా కనపడలేదని, టిక్కెట్టు దండగని తేల్చింది.

కొత్త కుర్ర డైరెక్టర్లు ఇద్దరు కొట్టు వెతుక్కుంటూ వచ్చి, మాకూ అలాంటి మసక ఒకటి కావాలన్నారు. ఒకరి చిన్న సినిమాకి ఆమె వెళ్ళి ప్రయత్నించింది కూడా. కావాలని తప్పింది. తెర మీద చూస్తే అది కేవలం తప్పులాగే ఉంది. ఆమె క్షమించమని చెప్పి తిరిగొచ్చేసింది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆ సినిమా వాళ్ళకి సన్మానం జరిగింది. మాస్టారిని వేదిక మీదికి పిలిచి, ఆ షాట్ ఎలా తట్టిందని అడిగారు. ఆయన మైకు దూరంగా పట్టుకుని, ఆ రోజు ఫోకస్ చేసిన మనిషి హాల్లోనే ఉంది, ఆవిణ్ణి అడగండని దిగిపోయాడు. మూరమ్మని తోసి ఎక్కించారు. ఆమెకి చెప్పుకోదగ్గ మాటలు ఎన్నో ఉన్నాయి, అవన్నీ పేపర్లలో ఎవరో రాసిపెట్టే ఉన్నారు. ఆమె ఉన్నదే చెప్పింది.

"అది తప్పండి. నా చెయ్యి తిరగలేదు. సాఫ్ట్ అయింది."

హాలు హోరెత్తింది. ఇంత వినయమా అన్నారు. ఆమె మళ్ళీ నిజమేనండి అంది. ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. చెప్పిన కొద్దీ తన పేరు పెరగడం చూసి ఆమె భయపడి దిగొచ్చేసింది.

హాలు పక్కనున్న నడవాలో అమ్మగారు ఒంటరిగా బెంచీ మీద కూర్చుని చెప్పు విప్పి పాదం రాసుకుంటోంది. మూరమ్మని రమ్మని పక్కన చోటు చూపించింది.  పాదం రాసుకుంటూనే అంది.

"మార్కు దాటింది నేనమ్మా. నీ తప్పు కాదు."

 అమ్మగారు చెప్పుకుపోయింది. వంగినప్పుడు అడుగు జరిగిందట. జానెడు దాటాక తెలిసిందట. ఇన్నేళ్ళలో ఆవిడ సీను మధ్యలో నటించడం మరిచిపోయింది ఆ ఒక్కసారే. వాళ్ళాయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు, ఆ కంచం చూశాక ఆయనే గుర్తొచ్చాడని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఏడుపు నిజంగా వచ్చేసింది. నిజం ఏడుపు ఎవరైనా ఏడుస్తారు, దానికి నటి ఎందుకని ఆవిడకి సిగ్గు. ఇప్పుడు లోకమంతా దాన్నే గొప్ప నటన అంటుంటే, తేలు కుట్టిన దొంగలా శాలువాలు కప్పించుకుంటోంది.

"అప్పుడే చెప్పాల్సిందమ్మా" అంది మూరమ్మ.

"నేను నోరు తెరిచేలోపే నాదే తప్పని నువ్వు చెయ్యెత్తేశావు. మార్కు తప్పని మనిషినని నాకో పేరుంది కదా. ఆ పేరు కోసం ఊరుకున్నాను. తప్పు నీ నెత్తిన పోయింది. క్షమించు తల్లీ."

ఆవిడ చెప్పు తొడుక్కుని లోపలికి వెళ్ళింది. మూరమ్మ తిన్నగా బయటికి నడిచింది. మాస్టారు మెట్ల మీద కూర్చుని ఆకాశం చూస్తున్నాడు. ఆమె ఎదురుగా నిలబడి, అమ్మగారు మార్కు దాటారట, మీకు తెలుసా అని అడిగింది. ఆమెకి ఒళ్ళంతా కోపంగా ఉంది, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఇప్పుడు నువ్వు చెబితే తెలిసింది" అన్నాడు ఆయన. "ఆవిడ దాటితే మరి నువ్వెందుకు చూడలేదు? పాదాలు చూడడమే కదా నీ పని."

మూరమ్మ నిజంగా ఆలోచించింది. ఎందుకు చూడలేదు? కంచం గుర్తొచ్చింది, ఆ వేలు గుర్తొచ్చింది. ఆ తర్వాత పాదాలు గుర్తురాలేదు. గది మొత్తం చెదిరిపోయి ఉంది.

"కళ్ళల్లో నీళ్ళొచ్చాయి మాస్టారూ. ఏమీ కనపడలేదు."

"నాకూ అంతే" అన్నాడు మాస్టారు.

 ఐపీస్‌లో ఆయనకి ఆ సీను సగంనుంచీ నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. సాఫ్టో షార్పో తెలియదు. మూరమ్మ చెయ్యెత్తేసరికి, చూడాల్సిన మనిషిని నేనే చూడలేదని అంతమందిలో చెప్పడానికి నోరు రాలేదు. నోటికి వచ్చిన మాట షార్ప్. పచ్చి అబద్ధం. మర్నాడు పెద్ద తెర మీద చూశాక ఆమె చెప్పిందే నిజమని తెలిసింది. తాను పెట్టిన నియమం తానే తప్పి, దాన్ని నిలబెట్టిన మనిషికి ఫోన్ చెయ్యాలంటే మొహం చెల్లలేదు.

"కొట్టు దాకా రెండుసార్లు వచ్చాను" అన్నాడు. "గుమ్మంలో ఒకాయన రేపు రండి అన్నాడు."

"ఆయన మా బావ. అందరికీ అదే చెబుతాడు."

మూరమ్మ ఆయన కింది మెట్టు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ కుట్టిన కాలర్లన్నీ గుర్తొచ్చి ఆమెకి ఏడుపూ నవ్వూ రెండూ రాబోయాయి, దేనికీ దారివ్వలేదు. మాస్టారు తర్వాతి సినిమా మొదలుపెడుతున్నానన్నాడు. 

"ఫోకస్‌కి నువ్వు పనికిరావు" అన్నాడు. "ఏడుపొస్తే చెయ్యి ఆగిపోతోంది. ఫోకస్ మనిషి ఏడవకూడదు, దానికి వేరే మనిషిని చూశాను. నువ్వు కెమెరా పట్టుకో. ఐపీస్ చుట్టూ రబ్బరుంటుంది, కన్ను ఆనించి ఎంత ఏడ్చినా ఎవరికీ కనపడదు. నేనింతకాలం నెట్టుకొచ్చింది ఆ రబ్బరు వల్లే."

మరి మీరో అని అడిగింది ఆమె. తనకి కుర్చీ ఉందని, మబ్బులు చూసేందుకు అదే వాటమని చెప్పాడు.

ఆ సాయంత్రం కొట్టుకి వెళ్ళి ఆమె సంగతి చెబితే, అక్క కుట్టడం ఆపకుండానే, అయితే ఆ మిషను మీద రేపటినుంచి వేరేవాళ్ళని కూర్చోబెడతానంది. అలాగే కూర్చోబెట్టమంది మూరమ్మ. అక్క కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. బాగుందని మాత్రం అనలేదు.

కొత్త సినిమా మొదటి రోజు మొదటి షాట్ చాలా మామూలుది. ఒక మనిషి సైకిలు గోడకి ఆనించి, తాళం వేసి, పడిందో లేదోనని ఒకసారి లాగి చూసి, ఇంట్లోకి వెళ్ళిపోవాలి. మాస్టారు వెనక కుర్చీలో తల వాల్చుకుని ఉన్నాడు. మూరమ్మ కన్ను రబ్బరుకి ఆనించింది. లోపల ఒక చిన్న గోడ, దాని మీద ఎండ, ఒక మనిషి. ఇంతకాలం పక్కన నిలబడి కొలిచిందే గానీ, ఇందులోంచి షాట్ నడుస్తుండగా ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ మనిషి వచ్చాడు, సైకిలు ఆనించాడు, తాళం వేశాడు. అందులో ఏడవడానికి ఏమీ లేదు. మూరమ్మ ఏడ్చింది. గోడా సైకిలూ అన్నీ నీళ్ళలో కలిసిపోయాయి, చెయ్యి మాత్రం కెమెరాని కదలనివ్వలేదు.

"కట్" అన్నాడు డైరెక్టర్. షాట్ ఎలా ఉందని ఆమెనే అడిగాడు.

ఆమె కన్ను రబ్బరు మీదనుంచి వెంటనే తీయలేదు. తీశాక పక్కనున్న కొత్త ఫోకస్ మనిషి వైపు తిరిగింది. అతను షార్ప్ అన్నట్టు తలూపాడు.

"బావుంది సార్" అంది మూరమ్మ. "ముందుకెళ్దాం."